మిగిలిన టేపు

మొన్న తెప్పించుకున్న విదేశీ సినిమా డిస్కు విప్పగానే, ఆ కొత్త ప్లాస్టిక్ వాసనకు ఆళ్లగడ్డ గుర్తొచ్చింది.

అక్కడ మా చిన్నాయనకు బట్టల అంగడి ఉండేది. సరుకు కోసం బెంగళూరు పోయినప్పుడల్లా దేశదేశాల సినిమా క్యాసెట్లు తెచ్చి, చీరల అరల వెనక దాచేవాడు. ముందు తానొక్కడే చూసి, ఆదివారం మధ్యాహ్నం అంగడి మూశాక మాకు వేసేవాడు. మేం నంద్యాల నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లం. తెర కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు చదివి అవ్వకు తెలుగులో చెప్పేది ఆయనే.

ఒకసారి మంచుదేశం సినిమా వేశాడు. యుద్ధానికి పోయిన కొడుకు కోసం ఒక తల్లి ఎదురుచూస్తుంటుంది. అప్పుడు చిన్నాయన తమ్ముడు, అవ్వ ఆఖరి కొడుకు కూడా సైన్యంలోనే ఉన్నాడు. ఉత్తరం వచ్చి చాలా రోజులైంది.

"ఏందప్పా, ఆ పిల్లోడు వస్తాండాడా లేదా?" అంది అవ్వ.

"దోవలో ఉండాడంటమ్మా. నువ్వు తొందరపెడితే రైలు బేగా వస్తాదా?"

తెర మీద తలుపు చప్పుడైంది. ఆ తల్లి నవ్వుతూ గడియ తీసింది. చిన్నాయన టక్కున ఆపేశాడు.

"అంతేమ్మా. వచ్చేసినాడు."

"నా తండ్రి, చేరినాడు" అని అవ్వ కళ్లు తుడుచుకుని, అందరికీ బొరుగులు పంచింది.

క్యాసెట్‌లో టేపు ఇంకా చాలా ఉంది. తానులో గుడ్డ మిగిలినట్టు మిగిలిందనుకున్నాను.

మొన్న వచ్చిన డిస్కు ఆ సినిమాదే. తలుపవతల ఉన్నది కొడుకు కాదు, అతని కోటు పట్టుకొచ్చిన స్నేహితుడు.

వెనక్కి తిప్పాను. ఆమె నవ్వుతూ గడియ తీసిన చోట నేనూ ఆపేశాను.