తీసుకోని రొట్టె

ఏప్రిల్ మొదట్లో మంచుకొండల మీది సైన్యం పోస్టుకి చేరాం. పద్దెనిమిది వేల అడుగుల ఎత్తు. ఒక ఫైబర్ గుడిసె, ఒక కిరోసిన్ స్టవ్, ఆరుగురం. గ్లవ్స్ విప్పితే కాసేపటికే వేళ్లు మొద్దుబారేవి. రేడియో ఆపరేటరుది మా చాట్రాయి పక్క ఊరు. ఇద్దరివీ మామిడి తోటల ఇళ్లు. త్వరగానే కలిసిపోయాం.

ఈస్టర్ అయ్యాక హెలికాప్టర్‌లో సైన్యం పాస్టరుగారు వచ్చారు. గడ్డకట్టిన ద్రాక్షరసాన్ని స్టవ్ మీద కరిగించి, ప్రార్థన చేసి, రొట్టె విరిచారు. పోస్టు కమాండరు తీసుకున్నాడు. ఆపరేటరు మాత్రం చేతులు కట్టుకుని తల దించుకున్నాడు.

మా వంటవాడు ఊరుకునే మనిషి కాదు. "ప్రసాదం వద్దన్నవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశానురా. నీ వాటా నాకిప్పించు," అన్నాడు.

"ప్రసాదం కాదన్నా. ఆయన శరీరం, ఆయన రక్తం. సొంత తమ్ముడితో మాటల్లేకుండా ఎలా తినను?"

తర్వాత నాకు వివరంగా చెప్పాడు. తోటలో బోరు వంతు దగ్గర తమ్ముడితో గొడవ. మూడేళ్లుగా పలకరింపుల్లేవు. ఒకే రొట్టె తిన్నవాళ్లంతా ఒకే శరీరమని వాళ్ల నమ్మకం. పగ పెట్టుకున్నవాళ్లు సమాధానపడ్డాకే బల్లలో, అంటే ఈ రొట్టె ద్రాక్షరసాల్లో, పాల్గొంటారు. పాస్టరుగారు బలవంతపెట్టలేదు. నెలాఖరుకి మళ్లీ వస్తానని, ఈలోపు తమ్ముడితో మాట్లాడమని చెప్పి వెళ్లారు.

శాటిలైట్ ఫోన్ వంతు వచ్చినప్పుడు ఆపరేటరు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తమ్ముడికి చేశాడు. తప్పు తనదేనన్నాడు. బోరు నువ్వే ముందు వాడుకోమన్నాడు. అవతల కూలీల కేకలు, క్రేట్ల చప్పుడు. తమ్ముడి గొంతులో కోపం లేదు.

"లారీ నిలబడి ఉందన్నయ్యా. కోతలయ్యాక మాట్లాడుకుందాం."

మా వైపు ఇది మామూలే. గాలి లేస్తే కాయ నేలపాలవుతుంది. కోతల్లో పెళ్లి మాటలు కూడా వాయిదా వేస్తారు. ఆపరేటరు నవ్వాడు. "అన్నయ్యా అన్నాడు, విన్నావా?"

పాస్టరుగారు ఇంకా రాకముందే ఈదురుగాలికి రేడియో ఏరియల్ తీగ తెగింది. ఎండెక్కి మంచు వదులయ్యేలోపు కట్టి రమ్మని కమాండరు ఆర్డరు. చేతి సెట్లో ఆపరేటరు గొంతు వచ్చింది: "వాలు దగ్గరున్నా. కడుతున్నా. ఓవర్." వెంటనే మంచు జారిన చప్పుడు. సాయంత్రానికి తవ్వి తీశాం. ప్రాణం లేదు.

శవపేటికతో ఊరికి నన్నే పంపారు. నూజివీడు దాటాక రోడ్డు పొడవునా మామిడి లారీలు. కోతలు ఇంకా సాగుతున్నాయి.

సమాధి చేశాక వచ్చిన ఆదివారం వాళ్ల చర్చికెళ్లి వెనక కూర్చున్నాను. అన్న నిన్ను క్షమించే వెళ్లాడు, తీసుకో నాయనా అని ఊరి పాస్టరుగారు తమ్ముడికి నచ్చజెప్పారు.

"ఎవరితో సమాధానపడి తీసుకోమంటారండీ?" అన్నాడు తమ్ముడు.



నేను రిటైరై ఇంటికొచ్చేశాను. ఆ ఉదయం మాత్రం నన్ను వదల్లేదు. చాప మీద మోకాళ్లూని తమ్ముడు. చిన్న గ్లాసులు పేర్చిన పళ్లెం అతని దాకా వచ్చింది. రెండు చేతులా అందుకున్నాడు. వేళ్ల నిండా మామిడి సొన కాల్చిన నల్లటి మచ్చలు. ఒక్క గ్లాసూ తీయలేదు. పక్కవాడికి అందించాడు.