సీసం పోసిన ఆదివారం

పోయిన వారం మా బాత్రూం పైపు బాగుచేయడానికి ప్లంబర్ వచ్చాడు. తెల్లటి ప్లాస్టిక్ ముక్కకు జిగురు రాసి, ఇంకో ముక్కలో దూర్చి, కాస్త తిప్పి, "హో గయా" అన్నాడు. చాయ్ పెడదామని నేను గిన్నె పొయ్యి మీద ఉంచానో లేదో, అప్పటికే మెట్లు దిగిపోతున్నాడు. జిగురు వాసన మాత్రం సాయంత్రం దాకా గదిలోనే ఉంది. పని ఇంత తేలికగా అయిపోతే ఎవరైనా సంతోషించాలి. నేను మాత్రం మంచం మీద కూర్చుండిపోయాను. కామాటిపురాలో మా పాత గది, దాని వెనక సందులో పైపు, మా మామ గుర్తొచ్చారు.

మామ అంటే మా ఆయన తండ్రి. వయసులో ఉన్నన్నాళ్ళూ డ్రైనేజీ పైపుల పని చేశాడు. ఇనుప పైపును ఇంకో పైపు మూతిలో కూర్చి, సందులో నార దట్టించి, కరిగిన సీసం పోసి అతికేవారట అప్పుడు. నేను కాపురానికి వచ్చేసరికి ఆయన చేతులు వణకడం మొదలైంది, పనిముట్లు ఎవరికో ఇచ్చేశాడు. పాలమూరు నుంచి వాళ్ళ తాతలు తెచ్చుకున్న పద్ధతులు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. కోడలితో మామ నేరుగా మాట్లాడకూడదు, అది ఆ పద్ధతుల్లో ఒకటి. మా అత్త ఉన్నన్నాళ్ళూ ఆమె ద్వారా మాట్లాడేవాడు. ఆమె పోయాక నా కూతురి ద్వారా. అది బడికి వెళ్ళిన వేళ ఇక దిక్కు లేక పైన తిరిగే ఫ్యానుతో మాట్లాడేవాడు. "ఇయ్యాల చాయ్ దొరుకుతదా, ఉప్పాసమేనా?" అని తల పైకెత్తి అడిగేవాడు. నేను పొయ్యికి జవాబు చెప్పేదాన్ని. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత్తర్వాత నవ్వడానికి కూడా ఓపిక ఉండేది కాదు. పొద్దున ఆస్పత్రిలో ఆయా పని, మధ్యాహ్నం ఒకరింట్లో వంట, ఇంటికొస్తే మళ్ళీ ఇంటి పని. మా ఆయన టెంపో నడుపుతూ వారంలో సగం రోజులు నాసిక్ దారిలోనే ఉండేవాడు.

ఆ ఏడు వానలు మొదలయ్యాక మా గోడ వెనక, నా గుండెల ఎత్తున అడ్డంగా పోయే మురుగు పైపు అతుకు దగ్గర కారడం మొదలుపెట్టింది. పై అంతస్తులో అందరూ వాడే పాయఖానా నీళ్ళన్నీ దాంట్లోంచే పోవాలి. సరిగ్గా దాని కిందే మా తాగేనీటి గొట్టం. దానికి ఎక్కడో చిల్లు ఉన్నట్టుంది, పాపకు కామెర్లు వచ్చాయి. కళ్ళు పచ్చబడి, అన్నం చూస్తే ముఖం తిప్పుకుని, ముడుచుకుని పడుకునేది. నీళ్ళు మరిగించి తాపమన్నాడు డాక్టరు. మరిగిస్తూనే ఉన్నాను. మా వరస గదుల బిల్డింగు, ఆ చాల్ యజమాని మనిషి దగ్గరికి ఎన్నిసార్లు తిరిగినా, బిల్డింగే పడగొట్టి కొత్తది కడతారు కదా, పైపుకేం తొందర అనేవాడు. బిల్డింగు పడే సూచనలు లేవు, పిల్ల మాత్రం చిక్కిపోతోంది.

ఒకరోజు పని నుంచి వచ్చేసరికి మామ మా అత్త ఇనుప మూకుడు ముందేసుకుని కూర్చున్నాడు. దాన్ని వేలితో టంగున కొట్టి చూసి, ఫ్యానుతో అన్నాడు: "సీసం వేడికి ఇది ఆగుతది, పైపు మనమే అతకాలె. ఇంక దీంట్ల వండొద్దని చెప్పు." ఆ మూకుడులో మా అత్త గారెలు వేస్తే గల్లీ చివరిదాకా వాసన వెళ్ళేది. నాకు ప్రాణం ఉసూరుమంది. అయినా మూకుడు తోమి ఆయన ముందే పెట్టాను.

అక్కడి నుంచి మా గది చిన్న కార్ఖానా అయింది. రంగుల డబ్బా ఒకటి దొరికితే కింద చిల్లులు పొడిచి, లోపల మట్టి మెత్తి కుంపటి చేశాడు. బొగ్గులు ఇస్త్రీ బండి అతను ఇచ్చాడు. గాలి ఊదే తిత్తి ఎక్కడ దొరుకుతుంది? పై గదిలో పెళ్ళికూతుళ్ళకు మేకప్ చేసే ఆమె జుట్టు ఆరబెట్టే మిషను ఇచ్చింది. దాని మూతికి ఇనుప గొట్టం తొడిగితే బొగ్గులు ఎర్రగా రాజుకున్నాయి. మా ఇనుప గరిటె అంచును సుత్తితో కొట్టి పిచ్చుక ముక్కులా చేశాడు, సీసం సన్నటి ధారగా పడడానికి. వేడి చేతికి తగలకుండా దాని కాడకు సైకిలు గొట్టం ముక్క తొడిగి గోనెపట్ట చుట్టాడు. అరిగిపోయిన అట్లకాడకు మేకుతో చిల్లులు పొడిస్తే, సీసం మీద తేలే తెట్టు తీయడానికి జల్లి గరిటె తయారైంది. పక్క సందులో పెద్ద బిల్డింగు కడుతున్న పాలమూరు కూలీ ఒకతను తమ ఊరి మాట విని ముచ్చటపడి ఇనుప సలాక ముక్క ఇచ్చాడు. దాన్ని మామ గడప రాయి మీద రోజుల తరబడి అరగదీసి ఉలి చేశాడు. ఆ గరగర శబ్దానికి నా తల పగిలిపోయేది. గణపతులు చేసేవాళ్ళ దగ్గర మట్టి తెచ్చి, గోనె తాడుకు పట్టించి ఆరబెట్టాడు. అది పైపు మూతి చుట్టూ కడితే సీసం బయటికి జారదు. ఇక సీసం ఫోరస్ రోడ్డులో పాత సామాన్ల కొట్టులో దొరికింది, పాత టెలిఫోను తీగల పైతొడుగు. చూడ్డానికి ఎండిన పాము కుబుసంలా ఉంది.

అన్నీ సిద్ధమయ్యాక ఆయన గరిటె పట్టుకుని చూసుకున్నాడు. చేయి వణికింది. రెండో చేతితో మణికట్టు పట్టుకున్నాడు. రెండూ వణికాయి. గరిటె కింద పెట్టేశాడు. చివరికి నేనే పొయ్యితో అన్నాను, "నేను పోస్తా." కుళాయి దగ్గర గరిటెతో నీళ్ళు పట్టి సీసా మూతిలో ఆగకుండా పోయడం నేర్పించాడు. నేర్పిందీ ఫ్యానుకే. "మధ్యల ఆపితే అతుకు పడదు. ఒక్క ధారల పోవాలె. తడి తగిలితే సీసం ఎగురుతది, జర పైలం."

ఆదివారం పొద్దున వాన తెరిపిచ్చింది. పాపను మేకప్ ఆమె దగ్గర పడుకోబెట్టాను. పని అయ్యేదాకా పై పాయఖానా వాడొద్దని అందరినీ బతిమాలితే, చాల్ మొత్తం డబ్బాలు పట్టుకుని ఫాక్‌లాండ్ రోడ్డు పాయఖానాల వైపు ఊరేగింపుగా బయల్దేరింది. మామ పాత అతుకు తవ్వి, కొత్త నార దట్టించి, వేడిగాలి కొట్టి, గుడ్డతో తుడిచి తుడిచి ఆరబెట్టాడు. నేను మా ఆయన బూట్లు వేసుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని, గాలి వీపుకు తగిలేటట్టు నిలబడ్డాను. మూకుడులో సీసం ముందు కుంగి, తర్వాత ఒక్కసారిగా అద్దంలా మెరిసింది. మామ తాడు జారకుండా గుడ్డ చుట్టిన కర్రతో అదిమి పట్టాడు. నేను పోయడం మొదలుపెట్టాను.

సగం పోశానేమో, పైన బకెట్టు గుమ్మరించిన శబ్దం. చెవులు సరిగ్గా వినపడని ముసలాయన ఒకడున్నాడు పైన, మా బతిమాలుడు ఆయనకు చేరలేదు. పైపులో నీళ్ళు గడగడా వచ్చాయి. అతుకు దగ్గర చిటపటమని సీసం చుక్కలు ఎగిరి మామ ముంజేతి మీద పడ్డాయి. కాలిన వాసన వచ్చింది. నా చేయి వెనక్కి వచ్చేసింది.

"ఆపకు బిడ్డా!" అని అరిచాడు. "పోస్తనే ఉండు! నన్ను చూడకు, ధార చూడు!"

ఆయన కర్ర వదల్లేదు. నేను ధార చూశాను. ఆయన చేయి కాలుతోందని తెలిసి కూడా పోస్తూనే ఉన్నాను. మూతి నిండి, పైకి పొంగి, మెరుపు పోయి సీసం బూడిదరంగుకు తిరిగింది. అప్పుడు మామ కర్ర కింద పెట్టి, కుళాయి దగ్గరికి తనే నడిచి చేయి నీళ్ళ కింద పెట్టాడు.

నీళ్ళు తగిలిన పక్క అతుకు సరిగా పడలేదు. చేయి తగ్గేదాకా ఆగమంటే వినకుండా, మర్నాడే ఆ సలాక ఉలితో సీసాన్ని చుట్టూ దట్టించి బిగించాడు, సుత్తి నాచేత కొట్టించి. కారడం ఆగింది. ఆ వానాకాలం గడిచేలోపు పాప లేచి తిరిగింది, పప్పన్నం కావాలని మరాఠీలో మారాం చేసింది, తాత తెలుగులో కసిరాడు.

ఆయన చేతి పుళ్ళకు కట్టు కట్టే పని నాదే. ఒక మధ్యాహ్నం కట్టు విప్పుతూ, కూర్చున్నచోటే కునుకు పట్టి ఆయన మోకాలికి తల ఆనించేశానట. ఉలిక్కిపడి లేచి కొంగు సర్దుకుంటుంటే, ఆయన ఫ్యాను వైపు చూడలేదు. నా వైపే చూశాడు.

"నీకు నిద్ర లేదు బిడ్డా," అన్నాడు. "జర పండుకో."

"అన్నం పొయ్యి మీద ఉంది మామా."

"నేను చూస్కుంటా. నువ్వు పండుకో."

ఆ ఇంట్లోకి వచ్చాక నన్ను పడుకోమన్న మొదటి మనిషి ఆయన. చాప వేసుకుని పాప పక్కన పడుకున్నాను. మామ పొయ్యి ముందు ముక్కాలిపీట మీద కూర్చున్నాడు, కాలని చేతిలో గరిటె పట్టుకుని. మూత కదిలినప్పుడల్లా చప్పుడు కాకుండా పక్కకు జరుపుతున్నాడు. కిటికీలోంచి వాన వెలుతురు ఆయన బట్టతల మీద పడుతోంది. అంతవరకే చూశాను. లేచేసరికి దీపాలు పెట్టే వేళయింది. అన్నం అడుగంటింది.  మామ మాడింది తను వడ్డించుకుని, మెత్తటిది మాకు ఉంచాడు.

ఆ తర్వాతి చలికాలంలో మామ పోయాడు. కొన్నాళ్ళకు మేమూ ఆ గది ఖాళీ చేసి వర్లి వైపు వచ్చేశాం. ఏ ఏడు ఏ పని చేశానో, ఏ ఇంట్లో వండానో ఇప్పుడు అడిగితే చెప్పలేను. అలసిపోయిన ఏళ్ళన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఒకటే పొడుగాటి రోజులా కనిపిస్తాయి. ఆ మధ్యాహ్నం మాత్రం దాని వెలుతురుతో సహా, వాటిలో దేనితోనూ కలవకుండా, విడిగా ఉండిపోయింది.