స్వామివారి పేరున మానేసినవి

మా వైపు కాశీకి వెళ్ళినవాళ్ళు ఇష్టమైనదేదో ఒకటి అక్కడ వదిలేసి వస్తారు. మా నాన్న నమ్ముకున్న ఆశ్రమం స్వామివారు పోయినప్పుడు ఆ ఆనవాయితీని చిలకలూరిపేటకే తెచ్చేశారు. పత్తి మిల్లు ఆవరణలో శ్రద్ధాంజలి సభ పెట్టి, భక్తులు తలా ఒకటి మైకులో చెప్పి మానేయాలన్నారు. ఎవరికి పుట్టిన బుద్ధో గాని, ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నాన్న గురించే భయం.

నాన్నకి షుగరు. రోజూ పొద్దున్నే ఇన్సులిన్ ఇంజక్షన్ చేసేది నేనే. అంతకు ముందు ఏడాది ఆశ్రమానికి వెళ్ళి, విభూతే చాలని ఇంజక్షన్ మానేసి, స్పృహ లేకుండా గుంటూరు ఆస్పత్రికి చేరాడు. ఇంకోసారి ఇలా జరిగితే మనిషి దక్కడని డాక్టరు మొహం మీదే చెప్పాడు. అయినా సభ రోజు పొద్దున నేను సూది తీసుకెళ్తే, "ఇదే ఆఖరిదమ్మా. ఇవాళ సభలో చెప్పేస్తా," అన్నాడు. సభలో స్వామివారి పటం ముందు అన్న మాట నాన్న ప్రాణం పోయినా తప్పడు. అమ్మ పొయ్యి దగ్గర నుంచి అంతా విన్నది.

షామియానా కింద జనం కిటకిటలాడుతున్నారు. రోడ్డు మీద మిరపకాయల లారీ వెళ్ళినప్పుడల్లా సభంతా దగ్గుతోంది. స్వామివారి వల్లే వానలు పడ్డాయని ఒక నాయకుడు పొగిడాడు. రెండేళ్ళుగా చేలు ఎండిపోతున్న సంగతి ఎవరూ ఎత్తలేదు. తరవాత మైకు మగవాళ్ళ వరసల్లోకి వెళ్ళింది. ఒకాయన కాఫీ మానేశాడు, ఒకాయన పొడుం. బొజ్జ ఊపుకుంటూ లేచిన ఒక షావుకారు కాకరకాయ మానేస్తానంటే అందరూ నవ్వారు. నాన్న కళ్ళు మూసుకుని కూర్చున్నాడు, పెదవులు కదులుతున్నాయి. మైకు ఆయన వరసలోకి వచ్చేసింది.

అప్పుడు అమ్మ లేచింది. ఆడవాళ్ళ మధ్య నుంచి నడిచి మగవాళ్ళ వైపుకి వెళ్ళి, మైకు పట్టుకున్నతని ముందు చెయ్యి చాచింది. నలుగురిలో ఎన్నడూ నోరు విప్పని మనిషి.

"మా ఆయన ఇంజక్షన్ చేయించుకోని రోజు నేను అన్నం మానేస్తానండి. స్వామివారి మీద ఒట్టు."

చప్పట్లు మోగాయి. మహాతల్లి అన్నారెవరో. నాన్న అమ్మని కొరకొరా చూశాడు. మైకు ఆయన చేతికి వచ్చింది. లేచి నిలబడ్డాడు.

"వంకాయ," అని కూర్చున్నాడు.

బస్సులో నాన్న అమ్మకి దూరంగా ముందు సీట్లో కూర్చున్నాడు. మర్నాడు పొద్దున నేను సూది తెస్తే, చూడనట్టే కళ్ళంలోకి వెళ్ళి ఎండబోసిన మిరపకాయలు తిరగేస్తూ ఉండిపోయాడు. అమ్మ కంచంలో అన్నం పెట్టుకుని, చేతులు ఒళ్ళో వేసుకుని కూర్చుంది. ఎండెక్కింది. అన్నం పైన మెతుకులు ఎండిపోతున్నాయి. ఇద్దరి మొండితనమూ నాకు తెలుసు. నిన్నటిదాకా ఒకరు పోతారని భయపడ్డాను, ఇప్పుడు ఇద్దరూ పోతారని.

ఎప్పటికో నాన్న లోపలికి వచ్చి కంచం చూశాడు.

"తినవే."

అమ్మ కంచం మీద వాలిన ఈగని తోలింది.

నాన్న ఆమె పక్కనే చతికిలబడి చొక్కా పైకెత్తాడు. "కానీ అమ్మా," అన్నాడు నాతో. సూది దిగేదాకా నాన్నే నా మణికట్టు కదలకుండా పట్టుకున్నాడు.