పద్మజకు వినిపించిన ఈల

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. లాలాగూడ రైల్వే క్వార్టర్లల్ల పెరిగినదాన్ని. మా గల్లీ చివర ఒక ఖాళీ క్వార్టర్ గురించి అందరూ ఏవేవో చెప్పేటోళ్లు. నేను రోజూ దాని పక్కనుంచే ట్యూషన్‌కు పోయొచ్చేదాన్ని. ఒక్కనాడు సుత ఏం కనపడలే. నిరుడు విశాఖల జరిగింది సుత భయపడే సంగతి కాదు. ఆ రోజు నాకు భయం కాలేదు, వేరే ఏదో అయింది.

మా ఆయన మహేందర్ వర్క్‌షాపుల ఫిట్టర్. మూడేండ్ల కింద డ్యూటీకి పోదామని బూట్లు వేసుకుంటూనే గుండె ఆగి పోయిండు. ఆయనకు కాలింగ్ బెల్లు కొట్టే అలవాటు లేదు. మోండా మార్కెట్ నుంచి కూరగాయలు మోసుకొచ్చి కింద నిలబడి ఈల వేసేటోడు. నేను దిగిపోయి ఒక సంచి అందుకునేదాన్ని.

ఆయన పోయిన ఏడాదికి ఆ ఈల నాకు యాదికి రాకుండ పోయింది. ఆయన గొంతు ఫోన్ వీడియోలల్ల ఉంది. ఈల ఎక్కడా లేదు. బస్సుల కూర్చున్నప్పుడు, బట్టలు మడత పెట్టేటప్పుడు ఎంత యాది చేసుకున్నా రాలే. మా బిడ్డ నవ్యను అడిగితే ఏదో వేసి చూపించింది. అది కాదని తెలుస్తుంది. అసలుది ఏందో తెలుస్తలేదు. ఇది ఇంకెవరికీ చెప్పుకోలే. మొగని ఈల మరిచిపోయిన అని ఎవరికి చెప్పాలె?

నిరుడు శుక్రవారం సెలవొచ్చి మూడు రోజులు కలిసొచ్చినయ్. బేగంపేట ఆఫీసుల నా పక్క సీటు పద్మజ. "ఎన్నాళ్లు ఇంట్లో కూర్చుంటావ్, విశాఖ వెళ్దాం పద," అని టికెట్లు తీసేసింది. ఆమెది కాకినాడ. మా ఆఫీసుకు వచ్చి అప్పటికి ఏడాదే. మహేందర్‌ను చూడనే లేదు.

రెండో రోజు పొద్దున ఎనిమిదింటికి ఇద్దరం ఊరవతల జనం లేని బీచ్‌ల నడుస్తున్నం. ఎండ బాగనే ఉంది. అలల మోతకు గట్టిగ మాట్లాడాల్సొస్తుంది. పద్మజ ఆగి ఎనక్కి చూసింది.

"నిన్నెవరో పిలుస్తున్నారే."

నాకేం వినపడలే. "పేరు పెట్టి పిలిచిన్రా?"

"లేదు, ఈల. అదిగో మళ్లీ. వినపడట్లేదా నీకు?"

"ఈలైతే మరి నన్నే అని ఎట్లంటవ్?"

పద్మజ కొంచెం ఆలోచించింది. "ఏమో. నిన్నే అనిపించింది."

ఎనక దూరంగ ఇద్దరు ముసలోళ్లు వల బాగుచేసుకుంటున్నరు. వేరే మనిషి లేడు. ఎట్లుందో వేసి చూపించమన్న. ఆమె పెదాలు ముడిచి వేసింది. ముందు పొడుగ్గ ఒకటి, ఎంబడే రెండు చిన్నవి. ఆఖరుది సగంల గాలిపోయి తెగింది. మహేందర్‌కు ముందు పన్ను విరిగి ఉండె. ఆయన ఈల ఎప్పుడూ అట్లనే తెగేది.

అదే. విన్నంకనే నాకు మొత్తం యాదికొచ్చింది.

చెప్పులు అక్కడే వదిలేసి ఉరికిన. ముసలోళ్లను అడిగితే, "ఇటేపు ఎవులూ రాలేదమ్మా," అన్నరు. పద్మజ ఎనకనే వచ్చి, "ఇంకా వినిపిస్తోంది, అటు," అని రోడ్డు దిక్కు చూపించింది. అటు పోయిన. దూరమైందన్నది. కాసేపటికి ఆగిపోయిందన్నది. నాకు మాత్రం మొదటినుంచి అలలే వినిపించినయ్.

ఇసుకల కూలబడి ఏడ్చిన. అప్పుడు ఆమెకు అంతా చెప్పిన. ఆమె నా పక్కన కూర్చుని, నాకు వచ్చేదాక మళ్లీ మళ్లీ వేసింది.

నేనే ఎప్పుడన్న ఆమె ముందు వేసిననా అని చాలా ఆలోచించిన. నాకే యాదికి లేనిది ఎట్ల వేస్త?

ఇంటికొచ్చిన వారానికి వంటింట్ల బియ్యం కడుగుతూ ఆ ఈల వేసిన. లోపల చదువుకుంటున్న నవ్య లేచిపోయి వాకిలి తలుపు తీసింది. అట్లనే పట్టుకుని నిలబడ్డది.

పద్మజకు అది ఎట్ల వినిపించిందో ఇయ్యాల్టికీ చెప్పలేను. దయ్యం అనను, ఏం లేదని సుత అనను. కాని పదహారేండ్లు ఆ ఈలకు మెట్లు దిగినదాన్ని నేను. ఆమె పక్కనే ఉన్న. నాకెందుకు వినిపించలే?