షూర్ చావుకు కాచిన బీరు

ఆ లోయలో బ్రీటా బీరు కాయకుండా మట్టికి పోయిన శవం లేదు. కాపురానికి వచ్చిన ఏడాదే అత్తగారి చావుకు కాచింది. ఆ తరవాత మామగారికి, పాస్టరు తల్లికి, చివరికి తనతో మాటల్లేని తోడికోడలికి కూడా. జునిపర్ అనే ముళ్ళపొద కొమ్మలు వేసి మరిగించిన నీళ్ళు, ఇంట్లో మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, అత్తగారు చేతికిచ్చి పోయిన పులియబెట్టే మడ్డి. ఆమె బీరు చెడిందని ఎవడూ అనలేదు. అనే ధైర్యమూ ఎవడికీ లేదు.

ఇప్పుడు మొగుడు షూర్ పోయాడు. పొయ్యి మీద కాగు ఎక్కిస్తుంటే కొడుకు అన్‌ఫిన్ అడ్డంగా నిలబడ్డాడు. వాడు తాగుడు మాన్పించే సంఘంలో మనిషి.

"వద్దమ్మా. కాఫీ పోద్దాం. ఇప్పుడందరూ అదే పోస్తున్నారు."

"కాఫీ పోసి దాన్ని గ్రావ్‌ఓల్ అంటావురా?"

"పేరుదేముంది? చావు భోజనానికి అదో పేరు."

"పేరులోనే ఉందిరా అంతా. గ్రావ్ అంటే తవ్విన గుంట, ఓల్ అంటే బీరు. పెద్దవాళ్ళు రెండూ కలిపి ఒక్క మాట చేశారు. బీరు తీసేస్తే మిగిలేది గుంటే. మీ నాన్నను ఉత్త గుంటలో పడేసి రమ్మంటావా?"

అన్‌ఫిన్ కాగు అంచు పట్టుకున్నాడు. "ఆయన తాగొచ్చినప్పుడల్లా నేనెక్కడ దాక్కునేవాణ్ణో నీకు తెలీదా?"

తెలుసు. గొర్రెల కొట్టంలో. తెల్లారాక వాడి జుట్టులోంచి గడ్డి ఏరింది తనే. అయినా బ్రీటా కాగు దించలేదు.

పాతిపెట్టి వచ్చాక చుట్టుపక్కల వాళ్ళంతా బల్లల ముందు సర్దుకున్నారు. ఆ లోయ ఆచారం ప్రకారం మొదటి గిన్నె వారసుడు తాగి, తండ్రి కుర్చీలో కూర్చోవాలి. అంతవరకూ పొలం వాడిది కాదు. పోయినవాడు పోయినట్టూ కాదు. పొరుగు రైతు ఓడ్‌మున్ చెక్కగిన్నె నింపి అన్‌ఫిన్ ముందు పెట్టాడు.

"ఎత్తు అబ్బాయ్! ఒక్క గుక్కకే మీ సంఘంవాళ్ళు పేరు కొట్టెయ్యరులే."

నలుగురూ నవ్వారు. అన్‌ఫిన్ చేతులు బల్ల కిందే ఉన్నాయి. ముప్పై దాటిన మగవాడి మొహం పసిపిల్లాడి మొహంలా పాలిపోయింది.

బ్రీటా వచ్చి గిన్నె అందుకుంది.

"నువ్వా వదినా? ఆడవాళ్ళు ఈ గిన్నె ఎత్తడం నేనెరగను," అన్నాడు ఓడ్‌మున్.

"ఇప్పుడు ఎరిగావుగా. మడ్డి నాది, చెయ్యి నాది, పోయిన మొగుడూ నావాడే. వీడి వంతు తాగుడు వీళ్ళ నాన్న ఎప్పుడో తాగేశాడు."

నవ్వులు ఆగిపోయాయి. ఆమె నిలబడే, గిన్నె అడుగు కనిపించేదాకా తాగింది. తాగి షూర్ కుర్చీలో కూర్చుంది. అన్‌ఫిన్ లేచి ఆమె పక్కకు పీట జరుపుకున్నాడు.

"మాంసం చల్లారుతోంది, తినండి," అంది బ్రీటా.