మంచినీళ్లు తాగని పిల్లలు

నేను జీవశాస్త్రం చెప్పే టీచర్ని. ఒకప్పుడు పొలాల మధ్య విడిగా ఉండి, ఇప్పుడు ఐటీ కారిడార్‌లో అపార్ట్‌మెంట్ల నడుమ ఇరుక్కుపోయిన ఒక పాత ఊళ్లో మా జిల్లా పరిషత్ హైస్కూలు ఉంది. ప్రహరీ గోడకు అవతల అద్దాల భవనం. మధ్యాహ్నం దాటాక దాని నీడ మా తరగతి గదుల మీద పడుతుంది. పిల్లలంతా వాచ్‌మన్ల, డ్రైవర్ల, మేస్త్రీల పిల్లలు. నాగర్‌కర్నూల్ వైపు నుంచో మెదక్ వైపు నుంచో పనికోసం వచ్చి, ఒక్కో గదికి కిరాయి కట్టుకుంటూ బతికే కుటుంబాలు.

ఆ ఏడు జూన్‌లో బడి తెరిచేసరికి ఆయమ్మ జీతానికి పైనుంచి డబ్బులు ఆగిపోయాయి. గదులు ఊడ్చేదీ, టాయిలెట్లు కడిగేదీ ఆమె ఒక్కతే. ఆమె కూతురు మా దగ్గరే పదో తరగతి. మూడేళ్లుగా క్లాసులో మొదటి స్థానం ఆ అమ్మాయిదే. జీతం లేకుండానే ఆయమ్మ రెండు నెలలు పనిచేసింది. మేము టీచర్లం తలా కొంత వేసుకుని ఇచ్చాం కానీ, అది ఆమె కిరాయికి కూడా సరిపోలేదు. ఆగస్టులో ఒకరోజు స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడి చెప్పేసింది.

"ఇగ నాతోని గాదు మేడం. ఆ అద్దాల బిల్డింగుల హౌస్‌కీపింగుకు తీస్కుంటున్రట. ఒకటో తారీకుకల్లా జీతం పడుతదంట."

"పోనీలే అమ్మా. మంచిదే కదా" అన్నాను.

"బిడ్డను జర సూసుకోండ్రి. పొద్దుగాల ఆరుగంటలకే పోవాలె నేను. దాన్ని తయారుజేసుడు నాకు కుదరది."

చూసుకుంటానన్నాను. ఆ మాట ఎంత తేలిగ్గా అనేశానో ఇప్పటికీ గుర్తుంది.

సెప్టెంబరులో కరెంటు వాళ్లు వచ్చి ఫ్యూజు పీకేశారు. స్కూలు గ్రాంటు రాక బిల్లు కట్టలేదు. మా హెడ్‌మాస్టరు, పిల్లలందరి పెద్దసారు, చెడ్డవాడేం కాదు. చాక్‌పీసులు సొంత డబ్బుతో కొనేవాడు, గ్రాంటు కోసం ఆఫీసుల చుట్టూ స్కూటరు మీద తిరిగేవాడు. కరెంటు పోతే బోరు మోటరు ఆగింది. మోటరు ఆగితే టాయిలెట్లకు నీళ్లు లేవు. వారం తిరిగేసరికి ఆ వైపు అడుగు పెట్టలేని పరిస్థితి వచ్చింది. కుక్కలు దూరుతున్నాయని పెద్దసారు ఆడపిల్లల టాయిలెట్లకు తాళం వేయించాడు. మగపిల్లలు గోడ వెనక్కు పోయేవాళ్లు. ఇల్లు దగ్గరున్న ఆడపిల్లలు అన్నం బెల్లు కొట్టగానే ఇంటికి పరుగెత్తేవాళ్లు. కొందరు తిరిగి వచ్చేవాళ్లు కాదు.

ఒక నిజం ఇక్కడే చెప్పేయాలి. లేడీ టీచర్లకు మాత్రం ఒక గది మిగుల్చుకున్నాం. బకెట్లతో నీళ్లు మోయించుకుని మేమే కడుక్కునేవాళ్లం. దాని తాళంచెవి నా టేబుల్ సొరుగులో ఉండేది. అవసరమైతే వచ్చి అడగమని పిల్లలకు చెప్పాం. అంతమంది టీచర్ల ముందు నిలబడి ఆ తాళంచెవి అడగడానికి పదిహేనేళ్ల ఆడపిల్లకు ఎంత ఇబ్బందో మాకు తెలుసు. తెలిసే అలా చెప్పాం. అందరికీ తెరిచి పెడితే అదీ పాడైపోతుందని మా భయం.

దసరా సెలవుల తర్వాత విసర్జన పాఠం మొదలుపెట్టాను. మూత్రపిండాల బొమ్మ గీసి, అవి ఆరోగ్యంగా ఉండాలంటే రోజూ నీళ్లు బాగా తాగాలని చెప్తున్నాను. ఆయమ్మ కూతురు లేచి నిలబడింది.

"మేడం, తాగితే ఎటు పోవాలె?"

వెటకారంగా అడగలేదు. నిజంగానే అడిగింది. క్లాసులో ఒక్కరూ నవ్వలేదు. నేను "కూర్చో, తర్వాత మాట్లాడదాం" అని మిగతా బొమ్మ గీయడం పూర్తిచేశాను.

తర్వాత మాట్లాడింది తనే. జిల్లా సైన్స్ ప్రదర్శనకు ప్రాజెక్టు చేస్తానని వచ్చింది. పదిహేను రోజులపాటు తొమ్మిది, పది తరగతుల పిల్లలకు పేర్లు లేని చీటీలు పంచింది. ఇంటినుంచి బయల్దేరినప్పటి నుంచి తిరిగి ఇల్లు చేరేదాకా ఎన్ని గ్లాసుల నీళ్లు తాగారో రాయమంది. ఆడపిల్లలు నెలలో ఏయే రోజులు బడి మానారో కూడా రాయించింది. అవన్నీ లెక్కగట్టి పెద్ద చార్టు మీద గీసింది. మగపిల్లల గీత నిటారుగా లేచింది. ఆడపిల్లలది నేలకు అంటుకుని ఉంది. పైన ఎర్ర స్కెచ్ పెన్నుతో పేరు రాసింది: 'మా బడిలో ఆడపిల్లలు నీళ్లు ఎందుకు తాగరు?'

ఇరవై రెండేళ్ల సర్వీసులో ఒక విద్యార్థి చేసిన అంత నిజాయితీ గల పని నేను చూడలేదు.

పెద్దసారు చార్టు చూసి కుర్చీలో వెనక్కు వాలాడు.

"ఇదేంది మేడం? మన ఇజ్జత్ మనమే తీస్కుంటమా?"

"ఉన్నదే కద సార్ రాసింది."

"ఉన్నదే. నేను కాదంటున్ననా? రేపు పేపర్ల పడితే ముందుగాల మెమో వచ్చేది నాకే. గ్రాంటు ఎందుకు ఇయ్యలేదని పైవాళ్లను ఎవడడుగుతడు? ఇంకో ఏడాదిన్నరల రిటైరైత. నన్ను గిట్ల పరేషాన్ చేయకుండ్రి."

ఆయన కళ్లలో భయం చూశాను. నాలోనూ అదే భయం ఉంది కాబట్టి వెంటనే అర్థమైంది. మర్నాడు ఆ అమ్మాయిని పిలిచి, పై స్థాయికి పోవాలంటే కొంచెం మార్చాలని చెప్పాను. బడి పేరు, టాయిలెట్ల సంగతి, బడి మానిన రోజుల లెక్క తీసేద్దామన్నాను. 'నీరు – ఆరోగ్యం' అని పేరు పెట్టాను.

"అవి తీసేస్తే ఇంకేముంటది మేడం?"

"ప్రైజు వస్తే అందరూ మన బడివైపు చూస్తరు. అప్పుడు మన కష్టాలు చెప్దాం బిడ్డా."

నన్ను నమ్మింది. రెండురోజులు కూర్చుని కొత్త చార్టు గీసింది.

జిల్లాలో మొదటి బహుమతి వచ్చింది. షీల్డు ఇచ్చారు, ఫొటో తీశారు. అధికారులు భుజం తట్టి, ప్రభుత్వ బడి పిల్లలు ఎవరికీ తీసిపోరని మైకులో చెప్పారు. పెద్దసారు నావైపు చూశాడు. నేను నోరు విప్పలేదు. సభ సంతోషంగా ఉంది, ఇప్పుడెందుకులే అనిపించింది. వేదిక దిగేదాకా ఆ అమ్మాయి నా ముఖంలోకి చూస్తూనే ఉంది.

ఆ వార్త చదివి, గోడ అవతలి భవనంలోని ఒక కంపెనీ మమ్మల్ని సన్మానానికి పిలిచింది. పెద్దసారు, నేను, ఆ అమ్మాయి వెళ్లాం. గేటు దగ్గర మెడలో వేసుకోవడానికి కార్డులిచ్చారు. పదకొండో అంతస్తులో, దానధర్మాల పనులు చూసే ఒక యువతి ఎదురొచ్చింది. విజయవాడ వైపు అమ్మాయి, మర్యాదగా మాట్లాడింది. హాల్లో ఒక మూల మంచినీళ్ల యంత్రం ఉంది. మా పిల్ల నేరుగా అక్కడికి వెళ్లి వరసగా మూడు గ్లాసులు తాగింది. అప్పుడు ఉదయం పదకొండు గంటలు. బడి ఉన్న రోజు ఆ వేళకు ఆమె నీళ్లు తాగగా నేనెప్పుడూ చూడలేదు.

తర్వాత ఇద్దరం వాష్‌రూముకు వెళ్లాం. అక్కడ నీలం యూనిఫాంలో నేల తుడుస్తున్నది మా పాత ఆయమ్మే. కూతుర్ని చూడగానే ఆమె చెయ్యి చీర కొంగు కోసం వెతికింది. కొంగు లేదు, యూనిఫాం ప్యాంటు, చొక్కా.

"ఈడ గంటకోసారి కడుగుతం మేడం" అంది నాతో. "గోడమీద కాయిదం ఉంటది, టైమేసి సంతకం పెట్టాలె."

"నీ బిడ్డకు సన్మానం చేస్తున్నరు. వచ్చి చూడరాదు?"

"సూపర్‌వైజర్ ఒప్పుకోడు మేడం. ఫోటో తీయండ్రి, ఇంటికాడ చూస్త."

కూతురు చేతులు కడుక్కుంటూ నిలబడిపోయింది. తల్లి ఆమె జడ సర్ది, రిబ్బను బిగించి, మళ్లీ తుడుపు కర్ర అందుకుంది.

సన్మానం అయ్యాక ఆ యువతి పెద్దసారును అడిగింది. "మీ స్కూల్‌కి ఏం కావాలో చెప్పండి సార్. ఈ ఇయర్ ఫండ్స్ ఉన్నాయండి."

"ఒక ఆయమ్మ జీతం, మోటరు కరెంటు బిల్లు. గంతే మేడం."

"నెలనెలా ఇచ్చే ఖర్చులు మా పాలసీలో లేవండి. వస్తువు ఏదైనా అయితే ఇవ్వగలం. డిజిటల్ బోర్డు ఇద్దామా?"

పెద్దసారు దండం పెట్టి సరేనన్నాడు. నెలలోపే బోర్డు వచ్చింది. కరెంటు లేని గదిలో గోడకు బిగించి వెళ్లారు. దుమ్ము పడకుండా ప్లాస్టిక్ కవరు తీయవద్దని పెద్దసారు అందరికీ చెప్పాడు.

జనవరి, ఫిబ్రవరి పునశ్చరణలో గడిచాయి. ఆ అమ్మాయి చిక్కిపోయింది. పరీక్షల బెంగ అనుకున్నాను. ఒకట్రెండు సార్లు బెంచీ మీద తలపెట్టి పడుకుంది. అడిగితే "ఏం లేదు మేడం, నిద్ర చాలలే" అంది. నేను ఇంకేం అడగలేదు.

మార్చిలో రెండో పరీక్ష రోజు నాకు వేరే సెంటర్లో డ్యూటీ. బయటికొచ్చి ఫోను తీసుకునేసరికి పెద్దసారు ఫోన్లు వరసగా ఉన్నాయి. పరీక్ష మధ్యలో ఆ అమ్మాయి చలిజ్వరంతో వణికిపోయి కిందపడిందట. అంబులెన్సులో సర్కారు దవాఖానకు తీసుకుపోయారు. నేను ఆటో పట్టుకుని వెళ్లాను.

మంచం పక్కన చిన్న వయసు డాక్టరమ్మ కేసు రాసుకుంటోంది. ఇన్ఫెక్షన్ మూత్రపిండాల దాకా పాకిందని, ఒకటి బాగా వాచి ఉందని చెప్పింది.

"ఎప్పటిసంది మంట పుడుతుంది నీకు?"

"దసరా ముంగటి నుంచి."

"ఎవరికీ చెప్పలేదా? బడిలో నీళ్లు తాగవా?"

ఆ అమ్మాయి నావైపు చూసి, చూపు పక్కకు తిప్పుకుంది. డాక్టరమ్మ నన్ను అడిగింది, మీరు ఆమెకేమవుతారని.

"టీచర్ని."

"ఏం సబ్జెక్టు మేడం?"

"జీవశాస్త్రం" అన్నాను. ఆమె మళ్లీ రాసుకోవడం మొదలుపెట్టింది.

బయట వరండాలో ఆయమ్మ యూనిఫాంలోనే కూర్చుని ఉంది. పని మధ్యలోంచి వచ్చేసింది.

"నాకు జెప్పలే మేడం. చెప్తే నేను ఆ పని ఇడిషిపెట్టి మళ్ల బడికే వస్తనని భయపడ్డదంట. ఇల్లెట్ల గడుస్తదని దానికి ఫికరు."

నన్ను ఒక్క మాట అనలేదు. కోప్పడి ఉంటే నాకు కొంత బరువు తగ్గేదేమో. ఆమె పక్కన కూర్చున్నాను. తాళంచెవి సంగతి, మార్చిన చార్టు సంగతి చెప్పాలనుకున్నాను. "అంతా తగ్గిపోతది" అని మాత్రం చెప్పి లేచాను.

పదకొండు రోజులు దవాఖానలోనే ఉంది. మిగతా పరీక్షలన్నీ పోయాయి. ఆ ఏడు పరీక్షకు కూర్చున్న మా పిల్లలు చాలా బాగా రాశారు. మండలంలో మా బడికి మంచి పేరొచ్చింది, పెద్దసారుకు శాలువా కప్పారు. ఆ సభలోనే నాకూ ప్రశంసాపత్రం ఇచ్చారు. అందులో సైన్స్ ప్రదర్శన బహుమతి గురించి ఒక వాక్యం ఉంది. వద్దనే ధైర్యం లేక తీసుకున్నాను.

ఆ అమ్మాయి జూన్‌లో సప్లిమెంటరీ రాసి అన్నీ పాసైంది. మార్కులు కూడా తక్కువేం కాదు. కానీ ట్రిపుల్ ఐటీ సీట్లు మొదటిసారే పాసైన వాళ్లకు మాత్రమే. ఆరో తరగతి నుంచి ఆమె అనుకుంటూ వచ్చింది అదొక్కటే. ఆ మాట చెప్పడానికి వాళ్ల గదికి వెళ్తే, తనకు ముందే తెలుసంది. నాకు కుర్చీ వేసి, గ్లాసుతో నీళ్లిచ్చింది. నేను చివరికి అడిగేశాను.

"నా మీద కోపమా బిడ్డా?"

"ప్రైజ్ ఇచ్చిననాడు మీరు మాట్లాడ్తరేమో అనుకున్న మేడం" అంది.

ఆ సాయంత్రమే అర్జీ రాశాను, అందులో ఏదీ దాచలేదు. ఆమె మొదటి చార్టులోని లెక్కలన్నీ పెట్టి, నా పేరుతో సంతకం చేసి పై ఆఫీసుకు పంపాను. మెమో వచ్చింది, జవాబిచ్చాను. కొన్నాళ్లకు కరెంటు వచ్చింది. అది నా అర్జీవల్లో, అందరికీ కలిపి విడుదలైన నిధులవల్లో నాకు తెలియదు. పూట పనికి ఒక ముసలావిడ కుదిరింది. ఆమె జీతం రెండు నెలలు వస్తే మూడు నెలలు ఆగుతుంది. ఆగిన నెలల్లో లేడీ టీచర్లం నలుగురం వంతులు వేసుకుని ఆడపిల్లల టాయిలెట్లు కడుగుతున్నాం. మొదటి రోజు నాకు వాంతి వచ్చింది. తర్వాత అలవాటైంది.

ఆ అమ్మాయి ఇప్పుడు రెండు బస్సులు మారి సర్కారు జూనియర్ కాలేజీకి పోతోంది. వాచిన మూత్రపిండం పూర్తిగా కోలుకోలేదు. కొన్ని నెలలకోసారి దవాఖానకు పోయి పరీక్షలు చేయించుకోవాలి. మొన్న బస్టాపులో కనిపిస్తే, ఈసారి నేను తోడు వస్తానన్నాను.

"వద్దు మేడం. అమ్మ లీవు పెట్టుకుంది" అని బస్సెక్కింది.