వదిన ఏరుకున్న కంప్యూటర్

మొన్న మా బడి ఆఫీసుకు ఒక కంప్యూటర్ కావాలని పెద్దసారు పంపితే నిజామాబాద్ కంఠేశ్వర్‌లో కొత్తగా తెరిచిన దుకాణానికి వెళ్లాను. దుకాణదారు రంగురంగుల దీపాలు వెలుగుతున్న ఒక పెట్టెను చూపించి దాని గొప్పలు గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. నేను వింటూ వింటూ నాకు తెలియకుండానే ఆ పెట్టె వెనక్కి వెళ్లి, గాలి బయటికొచ్చే చోట అరచెయ్యి పెట్టి నిలబడ్డాను. "ఇట్లాంటిది ఇంతకుముందు ఎవరికన్నా అమ్మిండ్రా? వాళ్లింట్ల నడుస్తుంటే ఒక్కసారి చూడొచ్చా?" అని కూడా అడిగాను. ఆయన బిత్తరపోయి, "పిల్లను చూడనీకె వచ్చినట్టు అడుగుతున్నరేంది మేడం?" అన్నాడు. నాకు నవ్వాగలేదు. ఈ అలవాటు నాకు మా వదిన నుంచి అంటుకుంది.

వదిన అంటే మా అన్న భార్య. ఏర్గట్ల దిక్కు పసుపు రైతు బిడ్డ, చందూర్ దగ్గరున్న మా ఊరికి కోడలై వచ్చింది. వాళ్ల నాన్న విత్తనపు పసుపును ఎన్నడూ మూట కట్టాక కొనలేదట. చేను పచ్చగా నిలబడి ఉన్నప్పుడే పోయి, గట్టు మీద కూర్చుని, ఆకు రంగు చూసి, ఒక మొక్క పీకి దుంపకుళ్లు ఉందేమో చూసి, అప్పుడు ఆ రైతుకు మాట ఇచ్చి వచ్చేవాడట. మూటలో ఉన్నప్పుడు అన్నీ మంచిగానే కనిపిస్తాయని ఆయన వాదన. వదిన ఆ పద్ధతిని పుట్టింటి నుంచి సారెతో పాటు తెచ్చుకుంది. మా ఇంట్లో గ్రైండర్ కొన్నా, బర్రెను కొన్నా ముందుగా ఎవరో ఒకరి ఇంట్లో అది పని చేస్తుంటే చూసి రావాల్సిందే. చీరలకు మాత్రం ఈ నియమం లేదెందుకని నేను ఆటపట్టిస్తే, "చీర పనిచేసేదుంటదా పిల్లా, కట్టుకునేటోళ్లు పనిచేస్తరు గని" అనేది.

ఇప్పుడు అన్న ఊళ్లోనే ఉన్నాడు. నేను చెప్పేది ఆయన మస్కట్‌లో ఒక కంపెనీ బండి నడిపే రోజుల సంగతి. రెండేళ్లకోసారి సెలవు దొరికేది. మిగతా కాలమంతా ఫోనే. మొదట్లో ఆ ఫోన్లు చాలా సేపు సాగేవి. పోను పోను "తిన్నవా?" "తిన్న." "పానం మంచిగున్నదా?" "మంచిగనే ఉన్నది" దగ్గర ఆగిపోయేవి. ఆ తర్వాత ఇద్దరూ ఫోన్ చెవికి పెట్టుకుని ఊరికే ఉండేవాళ్లు. పోట్లాట ఏమీ లేదు. చెప్పుకోవడానికి ఇద్దరికీ కలిసిన ముచ్చట ఒక్కటీ మిగల్లేదు, అంతే. ఆయన రోజు ఈమెకు తెలియదు, ఈమె రోజు మీద ఆయనకు ఆసక్తి లేదు. ఒకసారి వదిన నాతో బియ్యం ఏరుతూ, "మీ అన్న నాకు చుట్టమైపోతున్నడు పిల్లా" అంది. ఏడవలేదు. ఏడ్చినా నాకు అంత భయం వేసేది కాదేమో.

అన్న ఉండే గదిలో ఒక మలయాళీ మిత్రుడికి పెద్ద కంప్యూటర్ ఉండేది. శుక్రవారం సెలవు రోజున గదిలోవాళ్లంతా వంతులేసుకుని దాని మీద ఏదో ఆట ఆడేవాళ్లు. ఇద్దరు కలిసి కొండలూ కోనలూ దాటుతూ పోవాలి, శత్రువులు మీద పడతారు, ఒకరు పడిపోతే రెండోవాళ్లు వచ్చి లేపాలి. ఆ ఆట మాట వచ్చిందంటే అన్న నోటికి తాళం ఊడిపోయేది. వదిన అది పట్టుకుంది. "గా ఆట ముచ్చట చెప్పేటప్పుడే మీ అన్న గొంతు మీ అన్న లెక్క ఉంటది. నేను సుత ఆ ఆటలకు పోవాలె" అని నాతో తేల్చి చెప్పింది. అప్పటికి ఆమెకు ముప్పై అయిదు దాటాయి, ఫోన్‌లో ముగ్గుల బొమ్మలు చూడటం తప్ప ఏ ఆటా ఆడి ఎరగదు. ముందుగా నా ఆఫీసు ల్యాప్‌టాప్ మీద ప్రయత్నించాం. అది కుక్కర్‌లా రొద పెట్టి, బొమ్మను ఒక్కొక్క అడుగే కదిలించి, చివరికి వేడెక్కి ఆరిపోయింది. మరునాడు దాంట్లోనే హాజరు పట్టీ చేయాల్సిన నా గుండె కూడా కాసేపు ఆగింది.

సమస్య మా అవ్వ. అమ్మను మేం అవ్వ అనే పిలుస్తాం. "ఆడోళ్లు ఇంట్ల కూసోని ఆటలాడుతరానె? వాడు ఎండల బండి నడుపుతుంటే ఈడ ఈమెకు ఆటలా? నలుగురు వింటే ఏమంటరు?" అని కస్సుమంది. వదిన ఎదురు చెప్పలేదు, మానుకోనూ లేదు. తన చేతి కుట్టుపని మీద వచ్చిందంతా దానికే పెడతానని నెమ్మదిగా చెప్పి, శనివారాలు నిజామాబాద్ బస్సెక్కడం మొదలుపెట్టింది. అక్కడ నేనుండే ఇంట్లో దిగి, చాయ్ తాగి, నన్ను లేవదీసుకుని బయల్దేరేది. తయారుగా అమ్మేవి చూపిస్తే, "లోపల ఏమున్నదో కుట్టేసిన సంచి" అని ముట్టుకోలేదు. ఒక్కొక్క సామాను విడిగా ఏరి, మనమే బిగించుకోవాలంది. వీడియోలు చూసి ఎవరైనా బిగించుకోవచ్చని ఆమెకు అప్పటికే తెలిసిపోయింది.

ఆ తర్వాత మేం తిరిగిన ఇళ్లు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గూ నవ్వూ కలిసి వస్తాయి. ఫలానా ప్రాసెసర్ మంచిదని దుకాణంలో చెబితే, దాన్ని కొన్నవాళ్లెవరో అడిగి, వాళ్లింటికి పోయేవాళ్లం. ముక్కూ మొహం తెలియని వాళ్ల సోఫాలో కూర్చుని మంచినీళ్లు తాగి, "మీది జర నడిపించి చూపిస్తరా?" అని వదిన అడిగేది. విచిత్రమేమిటంటే ఎవరూ కాదనలేదు. పండుగకు కొత్త బట్టలు చూపించినట్టు చూపించారు. ఆమె తెర కన్నా పెట్టెనే ఎక్కువ చూసేది. వెనక చెయ్యి పెట్టి గాలి ఎంత వేడిగా వస్తుందో చూసేది, ఫ్యాన్ చప్పుడు వినేది, కరెంటు తగ్గినప్పుడు ఏం చేస్తుందని అడిగేది. మా ఊళ్లో పొలాల మోటార్లన్నీ ఒక్కసారి లేస్తే ఇంట్లో దీపం ముఖం వాడిపోతుంది. అందుకని కరెంటు ఇచ్చే డబ్బాను మాత్రం అన్నిటికన్నా గట్టిది తీసుకుంది. దుకాణంలో ఇంత పెద్దది అక్కర్లేదన్నా వినలేదు.

మిగిలింది గ్రాఫిక్స్ కార్డు. ఆట బొమ్మలన్నీ దాని పుణ్యమే, ధరా దానిదే ఎక్కువ. కొత్తది మా డబ్బుకు అందలేదు. బోధన్‌లో చర్చి పక్కన పెళ్లి వీడియోలు చేసే స్టూడియో ఆయన తన పాతది అమ్ముతున్నాడని తెలిసింది. చెరకు ట్రాక్టర్ల వెనక నత్తనడకన సాగుతూ పోయాం. "నాకు పెద్ద వీడియోలకు సరిపోతలేదమ్మా, మీకైతే మస్తు" అన్నాడాయన. "అమ్మేటోళ్లు గట్లనే అంటరన్నా. పని పెట్టి చూపియ్యి" అంది వదిన. ఆయన ఒక చర్చి పెళ్లి వీడియోను తయారీకి పెట్టాడు. ఆమె స్టూలు లాక్కుని కూర్చుని, ఆ మధ్యాహ్నమంతా చెయ్యి కార్డు దగ్గరే ఉంచి, ఆ పెళ్లి మొత్తం చూసింది. పెళ్లికూతురు అత్తగారింట్లో బాగుందా అని అడిగింది, కేకు ఎవరు చేశారని అడిగింది. వీడియో అయిపోయేసరికి చెయ్యి తీసి, "అలిసిపోలే. తీసుకుంట" అంది. ఇంత చదువుకుని నేను చెప్పుల జత కూడా ఇంత శ్రద్ధగా ఎంచుకోలేదే అనిపించింది. అన్నతో నువ్వు అదృష్టవంతుడివి అని ఫోన్‌లో చెప్పాలనిపించింది, చెప్పాను కూడా.

నేను సెలవు పెట్టి ఊరికి వెళితే, ఒక శుక్రవారం పొద్దున్నే బిగింపు పెట్టుకున్నాం. ముందురోజే సామాన్లన్నీ విప్పి నడిమింట్లో తెల్ల దుప్పటి మీద పరిచాం. అవ్వ అటువైపు కన్నెత్తి చూడకుండా వంటింట్లో గిన్నెలు చప్పుడు చేస్తూ ఉండిపోయింది. నేను ఫోన్‌లో వీడియో చూసి చెబుతుంటే వదిన ఒక్కొక్కటే కూర్చోబెట్టింది. ఆమె చేతులు మిషన్ కుట్టే చేతులు. మధ్యాహ్నానికి అయిపోయింది. ఆటతో సహా కావాల్సినవన్నీ దుకాణంలోనే డిస్కులోకి ఎక్కించుకుని తెచ్చాం. అక్కడ అన్న నమాజు వేళ దాటాక గది ఖాళీ చేయించి, కంప్యూటర్ ముందు కూర్చున్నానని మెసేజ్ పెట్టాడు. వదిన మీట నొక్కింది. ఫ్యాన్లు తిరిగాయి, లోపల దీపం వెలిగింది, తెర మాత్రం నల్లగా ఉండిపోయింది. ఆర్పి వేశాం, వేసి ఆర్పాం. ఏం లాభం లేదు. "ఏమాయె?" అని అన్న మెసేజ్. కాసేపటికి, "పోనీ తియ్, ఇంకోసారి చూద్దాం" అని ఇంకొకటి. ఆ రెండోది చదివి వదిన మొహం తెల్లబోయింది. ఆ గొంతు ఆమెకు తెలుసు. తిన్నవా, తిన్న అనే గొంతు అది.

ఆమె వైర్లు తీసి, బోధన్ కార్డును ఊడబీకి ఒళ్లో పెట్టుకుంది. కార్డుకు అడుగున బంగారు రంగు పళ్ల వరుస ఒకటి ఉంటుంది, బోర్డులోకి దిగేది అదే. దాని మీద వేలు రాసి, వేలిని ముక్కు దగ్గర పెట్టుకుంది. నేను వంగి చూస్తే వేలి కొస పచ్చగా ఉంది. పసుపు. పొద్దున మేం లేవకముందు ఎవరో తడి పసుపుతో బొట్టు పెట్టారు. పెట్టాల్సిన చోటు వెతికి, బంగారంలా మెరుస్తున్నది చూసి, అదే దీని ముఖం అనుకున్నట్టున్నారు. పసుపూ బంగారమూ ఒకే రంగులో కలిసిపోయి బిగించేటప్పుడు మా కంటపడలేదు. ఎండిన పసుపు మీదుగా బొమ్మ ఎట్లా వస్తుంది? నేను "అవ్వా" అని అరవబోయాను. వదిన నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "ఇంటికచ్చిన వస్తువని పెట్టింది పిల్లా. ఒప్పుకున్నది" అంది మెల్లగా. అప్పుడే వంటింట్లోంచి, "ఏమాయెనే, నడుస్తలేదా?" అని అవ్వ గొంతు వినిపించింది. అందులో కోపం లేదు, బెదురు ఉంది. "సరిగ కూసోలే అత్తమ్మా, ఇగ కూసుంటది" అని వదిన పలికి, నా సంచిలోంచి రబ్బరు తీసుకుని ఆ పళ్లను ఓపికగా తుడిచింది. ఆ పసుపు మాట ఈ రోజు వరకూ అవ్వకు మేమిద్దరం చెప్పలేదు.

ఈసారి తెర వెలిగింది. వదిన చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆటలోకి దిగింది. మొదటి పావుగంట గోడలకు గుద్దుకుంటూనే తిరిగింది. తర్వాత ఇల్లు ఎగిరిపోయేలా ఒక కేక: "ఏడికి పోయినవ్? నేనీడ పడి ఉన్న, వచ్చి లేపు." పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె అన్నను అట్లా గద్దించడం నేను వినలేదు. హెడ్‌ఫోన్ దాటి అన్న నవ్వు నాకు కూడా వినబడింది. అవ్వ చేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చి, "పడ్డదా? ఏడ తాకింది?" అని అడిగింది. నిజంగా కాదు, ఆటలో పడిందని, అన్న వచ్చి లేపాలని చెప్పాను. అవ్వ గుమ్మం పట్టుకుని తెరనూ కోడలినీ మార్చి మార్చి చూసింది. "వచ్చిండా మరి వాడు?" అంది.

"వచ్చిండు" అన్నాను.

అవ్వ తల ఊపి లోపలికి పోయింది. అంతవరకూ మా ఇంట్లో కాలాన్ని అన్న సెలవు నుంచి మళ్లీ సెలవుకు లెక్కపెట్టుకునేవాళ్లం. ఆ రోజు నుంచి శుక్రవారం నుంచి శుక్రవారానికి లెక్కపెట్టాం, రెండేళ్లు ఎదురుచూడటం అలవాటైన మనిషికి వారం ఎంత దగ్గరో మా వదిన మొహం చూసి తెలుసుకున్నాం.